పావలా బరువు గుండు: కందిరీగ తూటా కథ

పైరు చేతికొచ్చే వేళ రైతుకు కంటి మీద కునుకు ఉండదు. మంచె మీద కూర్చుని డప్పు కొట్టడం, కేకలు వెయ్యడం, వడిసెలతో రాళ్లు విసరడం మన పల్లెల్లో తరతరాలుగా వస్తున్న కాపలా పద్ధతులు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ చుట్టూ ఉన్న మైదానాన్ని 'ధాన్ కా కటోరా' అంటారు. అంటే వడ్లగిన్నె అని అర్థం. ఆ నగరంలోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో ఇరవై వేలకు పైగా వరి రకాల విత్తనాలు భద్రపరచి ఉన్నాయి. అంత వరి పండే నేల అంచున బర్నావపారా వంటి అడవులున్నాయి. అడవి అంచున వరి ఉన్నచోట అడవిపంది రాక తప్పదు.

మన దేశంలో పంట కాపలాకు తుపాకీ గురించి చట్టం ఏమంటున్నదో చాలామందికి తెలియదు. 1959 నాటి ఆయుధ చట్టం 13వ సెక్షను ఈ పనికి పేరుపెట్టి చెప్పిన ఆయుధం ఒక్కటే. గొట్టం మూతి నుంచి మందు, గుండ్లు దట్టించి పేల్చే తుపాకీ అది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దాన్ని 'భర్మార్' అంటారు. మనవైపు నాటు తుపాకీ అంటారు. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి తోస్తే, గొట్టంలో గాడులు లేని మరో తుపాకీకి అనుమతి ఇవ్వవచ్చు. రెండు వందల ఏళ్ల కిందటి పరిజ్ఞానమే ఇప్పటికీ చట్టం దృష్టిలో పంటకాపు ఆయుధం.

మరి మిగతా ప్రపంచంలో ఏం జరిగింది? పొలాల్లో బొరియలు తవ్వే చిన్న జంతువుల కోసం, కోళ్లను ఎత్తుకుపోయే నక్కల కోసం ప్రత్యేకంగా తూటాలు తయారయ్యాయి. వాటిలో పెద్దముత్తైదువ వంటిది 1930లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన '.22 హార్నెట్'. హార్నెట్ అంటే కందిరీగ. ఆ తర్వాత దానికంటే వేగమైనవి, దూరం పోయేవి ఎన్నో వచ్చాయి. అయినా కందిరీగ చావలేదు. పాతది మేలా, కొత్తవి మేలా అనే వాదం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాదాన్ని భౌతికశాస్త్రం కళ్లతో చూద్దాం. చివరకు దాన్ని రాయపూర్ పొలం గట్టు మీదికి తెచ్చి నిలబెడదాం.

తూటా వేరు, గుండు వేరు

మాటల్లో తూటా, గుండు అని ఒకదానికొకటి వాడేస్తాం. నిజానికి తూటా అంటే మొత్తం సరంజామా. ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పురవ్వ పుట్టించే టోపీ, లోపల మందు, మూతికి బిగించిన గుండు కలిస్తే తూటా. గొట్టం దాటి ఎగిరిపోయేది గుండు మాత్రమే.

.22 అంటే అంగుళంలో నూటికి 22 వంతులు, సుమారు 5.6 మిల్లీమీటర్లు. గుండు బరువును ఇంగ్లీషు కొలమానంలో గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే గింజ. ఒక గ్రెయిన్ 0.065 గ్రాము. హార్నెట్‌లో మామూలుగా వాడే గుండు 45 గ్రెయిన్లు. బ్రిటిషు కాలంలో మన తులం 180 గ్రెయిన్లు, వెండి రూపాయి బరువు కూడా అంతే. కాబట్టి హార్నెట్ గుండు సరిగ్గా పావు తులం, అంటే ఆనాటి వెండి పావలా కాసు ఎంతో అంత. ఇప్పటి లెక్కలో 2.9 గ్రాములు.

పావలా బరువున్న వస్తువు ఒక జంతువును ఎలా పడగొడుతుంది? జవాబు బరువులో లేదు, వేగంలో ఉంది. వడిసెల నుంచి 100 గ్రాముల రాయి సెకనుకు 30 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుందాం. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజశక్తి వస్తుంది. రాయికి 45 జౌళ్లు. హార్నెట్ గుండు సెకనుకు 820 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. దానికి సుమారు 980 జౌళ్లు. అంటే రాయికి ఇరవై రెట్ల పైమాటే. ఇప్పుడు ద్రవ్యవేగం లెక్కకట్టి చూడండి. రాయికి 3 ప్రమాణాలు, గుండుకు 2.4 ప్రమాణాలే. తొయ్యడంలో రాయిదే పైచేయి, చీల్చడంలో గుండుది. వేగం రెట్టింపైతే ద్రవ్యవేగం రెట్టింపే అవుతుంది, శక్తి మాత్రం నాలుగింతలవుతుంది. చిన్న బోరు తూటాల చరిత్ర అంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరిగింది.

మధ్యపరగణాల్లో మొదలైన వాదం

వేగం కోసం ఆరాటం హార్నెట్‌తో పుట్టలేదు. 1861లో బ్రిటిషువారు మధ్యపరగణాల రాష్ట్రాన్ని ఏర్పరచారు. రాయపూర్ అందులోదే. ఆ అడవుల్లో పనిచేసిన కెప్టెన్ జేమ్స్ ఫోర్సైత్ 1860ల ఆరంభంలో వేట రైఫిలు గురించి, దాని గుండ్ల గురించి ఒక పుస్తకం రాశాడు. మధ్యభారత మన్యం గురించి ఆయన రాసిన మరో పుస్తకం ఆయన మరణించిన 1871లోనే వెలువడింది.

ఫోర్సైత్ వాదం ఇది. అడవిలో వేటగాడు దూరాన్ని సరిగ్గా అంచనా వెయ్యలేడు. గుండు మెల్లగా పోతే ఎక్కువ సేపు గాలిలో ఉంటుంది, అంతసేపూ భూమి దాన్ని కిందికి లాగుతుంది. దూరం అంచనా కొద్దిగా తప్పినా గురి తప్పుతుంది, లేదా జంతువు గాయంతో పారిపోతుంది. అందుకని గుండ్రని గుండు, ఎక్కువ మందు, గొట్టంలో చాలా మెల్లగా మెలిక తిరిగే గాడులు కావాలన్నాడు. వేగం పెరిగితే గుండు దారి చదునుగా ఉంటుంది, అంచనాలో పొరపాటు క్షమార్హమవుతుంది.

ఈ మాటను మీరే లెక్కవేసి సరిచూడవచ్చు. గాలి నిరోధాన్ని కాసేపు పక్కన పెట్టండి. 200 మీటర్ల దూరం పోవడానికి సెకనుకు 330 మీటర్ల గుండుకు 0.61 సెకను పడుతుంది. ఆ సమయంలో అది 1.8 మీటర్లు కిందికి జారుతుంది, అంటే మనిషి ఎత్తు. 820 మీటర్ల వేగమున్న హార్నెట్ గుండు 29 సెంటీమీటర్లు జారుతుంది. 1250 మీటర్ల వేగమైతే పన్నెండున్నర సెంటీమీటర్లే. గాలి నిరోధం కలిస్తే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి, కాని వాటి వరుస మారదు.

ఫోర్సైత్ కాలంలో ఉన్నది నల్లమందు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన మందు అది. ఎంత కూరినా గుండు వేగం ఒక హద్దు దాటదు. పైగా పొగ, మసి. 1880లలో రెండు మార్పులు ఆ హద్దును చెరిపేశాయి. స్విట్జర్లాండులో ఎడ్వర్డ్ రూబిన్ సీసపు గుండుకు రాగి తొడుగు వేశాడు. 1884లో ఫ్రాన్సులో పాల్ వీయేల్ పొగ రాని మందును తయారుచేశాడు. తొడుగు లేకపోతే ఎక్కువ వేగంలో మెత్తని సీసం గాడులకు అంటుకుపోతుంది. పొగలేని మందు లేకపోతే ఆ వేగమే రాదు. రెండూ కలిసేసరికి చిన్న బోరుకు దారి తెరుచుకుంది.

కందిరీగ పుట్టుక

1885లో అమెరికాలోని వించెస్టర్ కంపెనీ .22 డబ్ల్యుసిఎఫ్ అనే నల్లమందు తూటాను తెచ్చింది. 45 గ్రెయిన్ల గుండు, చాలా సాధారణమైన వేగం. నాలుగు దశాబ్దాలకు అది దాదాపు మరుగున పడింది. 1920లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో టౌన్సెండ్ వీలెన్, ఆయన మిత్రులు, వారితోపాటు జి.ఎల్. వోట్‌కిన్స్ అనే ఔత్సాహికుడు ఆ పాత ఇత్తడి గొట్టంలో పొగలేని మందు, తొడుగు గుండు పెట్టి ప్రయోగాలు చేశారు. ఫలితం వాళ్లనే ఆశ్చర్యపరిచింది. 1930లో వించెస్టర్ కంపెనీ ఈ తూటాను హార్నెట్ పేరుతో మార్కెట్లో పెట్టింది. విశేషమేమంటే, దాన్ని పేల్చే రైఫిలును ఏ కంపెనీ ఇంకా అమ్మడమే లేదు. తూటా ముందు, తుపాకీ తర్వాత!

అప్పటిదాకా పొలాల్లో ఎక్కువగా వాడింది 1887లో వచ్చిన .22 లాంగ్ రైఫిల్. మన ఎన్‌సిసి విద్యార్థులకు గురి నేర్పేది ఈ తూటాతోనే. 2.6 గ్రాముల గుండు, సెకనుకు 330 మీటర్ల చుట్టుపక్కల వేగం, 140 జౌళ్ల శక్తి. హార్నెట్ దానికంటే కొంచెమే బరువైన గుండుకు ఏడింతల శక్తినిచ్చింది. రైతు 50 మీటర్ల నుంచి 150 మీటర్లకు జరిగాడు. నక్క కనిపించేంత దూరంలో ఉండగానే దాన్ని కొట్టగలిగాడు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా వైమానిక దళం ఈ తూటాను మరో పనికి వాడుకుంది. విమానం కూలి అడవిలో చిక్కుకున్న పైలట్లు తిండికోసం వేటాడుకునేందుకు మడతపెట్టే తేలిక రైఫిళ్లు ఇచ్చింది. వాటి తూటా హార్నెటే. తక్కువ బరువు, తక్కువ చోటు, కాని కుందేలు నుంచి చిన్న జింక దాకా సరిపోయే శక్తి.

వేగం పరుగుపందెం

హార్నెట్ విజయం చూసి అందరూ అదే దారి పట్టారు. 1935లో వించెస్టరే .220 స్విఫ్ట్‌ను తెచ్చింది. 3.1 గ్రాముల గుండు సెకనుకు 1250 మీటర్లు! ధ్వని వేగానికి మూడున్నర రెట్ల పైన. శక్తి 2400 జౌళ్లు దాటింది. కాని ప్రతి వరానికీ ఒక శాపం ఉంటుంది. అంత వేడి, అంత పీడనం ఇరుకైన గొట్టంలో నుంచి పోతుంటే గాడులు త్వరగా అరిగిపోతాయన్న పేరు దానికి వచ్చింది.

1950లో రెమింగ్టన్ కంపెనీకి చెందిన మైక్ వాకర్ .222 రెమింగ్టన్‌ను రూపొందించాడు. వేగం సెకనుకు 950 మీటర్ల పైన. ఇది పాత గొట్టాన్ని సవరించి చేసింది కాదు, మొదటి నుంచి కొత్తగా గీసినది. గురి పోటీల్లో అది సుమారు పాతికేళ్లు రాజ్యమేలింది. హార్నెట్ మార్కెట్టును ఎక్కువగా దెబ్బతీసింది ఈ తూటాయే.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. 1950ల చివర అమెరికా సైన్యానికి తేలికైన రైఫిలు కావలసి వచ్చింది. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15 కోసం .222 గొట్టాన్ని కొంత పొడిగించారు. అదే .223 రెమింగ్టన్, సైనిక రూపంలో 5.56×45 మిల్లీమీటర్ల తూటా. 1980లో నాటో కూటమి దాని ఒక రూపాన్ని ప్రమాణంగా స్వీకరించింది. పొలాల్లో ఉడతలను, నక్కలను కొట్టే తూటా వంశంలో పుట్టింది ప్రపంచ సైన్యాల తూటా అయింది.

1965లో రెమింగ్టన్ .22-250ను కంపెనీ తూటాగా మార్చింది. ఔత్సాహికులు 1930ల నుంచే దాన్ని సొంతంగా చేసుకుంటూ ఉండేవారు. 2002లో .17 హెచ్‌ఎంఆర్, 2004లో .204 రూగర్ వచ్చాయి. రూగర్ గుండు 2 గ్రాములే, వేగం సెకనుకు 1288 మీటర్లు. 2012లో హార్నెట్ గొట్టం మూతినే ఇంకా సన్నం చేసి 1.3 గ్రాముల గుండు పెట్టిన .17 హార్నెట్‌ను అమ్మకానికి పెట్టారు. అది సెకనుకు 1100 మీటర్లు పోతుంది. కందిరీగకు పిల్ల కందిరీగ పుట్టిందన్నమాట.

తక్కెడలో పాతా, కొత్తా

ఇప్పుడు హార్నెట్‌ను ఒక పళ్లెంలో, దాని మనవడి వరుస అయిన .223ను మరో పళ్లెంలో పెడదాం.

దూరం విషయంలో కొత్తదే గెలుస్తుంది. .223 గుండు 3.6 గ్రాములు, వేగం 988 మీటర్లు, శక్తి 1740 జౌళ్లు. 200 మీటర్ల దగ్గర, గాలి లేదనుకుంటే, 20 సెంటీమీటర్లే జారుతుంది. గాలి ఉన్నప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. హార్నెట్ గుండు పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. అలాంటి గుండు వేగాన్ని తొందరగా పోగొట్టుకుంటుంది, పక్కగాలికి ఎక్కువ పక్కకు జరుగుతుంది.

పొడవైన, మొనదేలిన గుండు హార్నెట్‌లో పెట్టకూడదా? ఇక్కడే ఒక చక్కని భౌతికశాస్త్ర విషయం ఉంది. బొంగరం తిరుగుతున్నంతసేపే నిలబడుతుంది. గుండు కూడా అంతే. గొట్టంలోని గాడులు దాన్ని తిప్పుతాయి. గుండు ఎంత పొడవైతే అంత వేగంగా తిప్పాలి. హార్నెట్ గొట్టాలు పాత .22 గొట్టాల ఆనవాయితీ ప్రకారం 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. నేటి సైనిక 5.56 గొట్టాల్లో 7 అంగుళాలకే ఒక చుట్టు. మెల్లగా తిరిగే హార్నెట్‌లో పొడవైన గుండు పెడితే తడబడి పల్టీ కొడుతుంది. పైగా తూటా మొత్తం పొడవు తక్కువ కావడంతో పొడవు గుండుకు లోపల చోటూ లేదు.

ఈ ఇబ్బంది ఇటీవల మరో రూపంలో తల ఎత్తింది. సీసపు గుండు జంతువు దేహంలో ముక్కలైతే ఆ కళేబరాన్ని తిన్న రాబందులు, గద్దలు సీసం విషంతో చనిపోతాయి. అమెరికాలో కాండోర్ అనే పెద్ద రాబందు ఇలా తీవ్రంగా దెబ్బతిన్నది. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. బదులుగా రాగి వాడాలి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగిది 9 గ్రాములు. అదే బరువుకు రాగి గుండు పొడవవుతుంది. పొడవు గుండుకు వేగంగా తిరిగే గాడులు కావాలి. కొత్త తూటాలు ఈ మార్పును సులువుగా తట్టుకున్నాయి, పాత హార్నెట్ ఇబ్బంది పడింది.

ఇక పాతదాని సుగుణాలు. హార్నెట్‌లో పట్టే మందు .223లో పట్టేదానిలో సగం కూడా ఉండదు. కాబట్టి చప్పుడు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ నామమాత్రం, గొట్టానికి ఆయుష్షు ఎక్కువ. ఊళ్లకు దగ్గరగా పొలాలున్న చోట చప్పుడు చిన్న విషయం కాదు. అడుగున అంచు ఉన్న గొట్టం కావడంతో ఒకసారికి ఒకే తూటా పెట్టే తేలిక తుపాకుల్లో చక్కగా ఇముడుతుంది. అదే అంచు పెట్టె ఆకారపు మాగజైనులో మాత్రం ఒకదానికొకటి తగులుకుంటుంది.

ధర దగ్గర విచిత్రం జరిగింది. తక్కువ ఇత్తడి, తక్కువ మందు పట్టే హార్నెట్ చవకగా ఉండాలి. కాని .223ను సైన్యాల కోసం కోట్లలో చేస్తారు కాబట్టి అమెరికా దుకాణాల్లో అదే చవక. వస్తువు ధరను లోహం కాదు, తయారయ్యే సంఖ్య నిర్ణయిస్తుందని అర్థశాస్త్ర విద్యార్థులు దీని నుంచి గ్రహించవచ్చు.

మొత్తం మీద 150 మీటర్ల లోపల హార్నెట్‌కు లోటు లేదు. అది దాటితే కొత్తవాటితో పోటీపడలేదు. కొత్తది పాతదాన్ని ఓడించలేదు, పాతదాని హద్దు ఎక్కడుందో చూపించింది.

మన దేశంలో తూటాల దారి

ఈ పరుగుపందెంలో భారతదేశం ప్రేక్షకురాలు మాత్రమే కాదు. 1890లలో బ్రిటిషు సైన్యం .303 అనే చిన్న బోరుకు మారినప్పుడు, తొడుగు గుండు శత్రువు దేహంలోంచి దూసుకుపోతుందే తప్ప నిలువరించడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే గుండు మొనవద్ద తొడుగు తీసేసి సీసం బయటికి కనిపించేలా చేశాడు. తగలగానే అది పువ్వులా విచ్చుకుంటుంది. గాయం ఘోరంగా ఉంటుంది. 1899లో హేగ్ సమావేశం ఇలాంటి గుండ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటించింది.

వేటలో మాత్రం ధర్మం తలకిందులు. జంతువు తప్పించుకుపోయి రోజుల తరబడి బాధపడకుండా అక్కడికక్కడే చావాలంటే విచ్చుకునే గుండే దయగలది అంటారు వేటగాళ్లు. చిన్న బోరు వేగపు గుండుకు మరో లాభం ఉంది. పల్చని తొడుగుతో చేసిన ఆ గుండు నేలకు తగిలినా ముక్కలైపోతుంది. మెల్లగా పోయే .22 లాంగ్ రైఫిల్ గుండు గట్టినేలకు తగిలితే ఎగిరి ఎటో పోవచ్చు. ఆ చిన్న తూటా గుండు మైలున్నర దాకా పోగలదని పెట్టెల మీద హెచ్చరిక అచ్చువేస్తారు. కాబట్టి వేగం తక్కువైతే అపాయం తక్కువ అనుకోవడం పొరపాటు.

బ్రిటిషు ప్రభుత్వం తన సైనిక బోర్లు సామాన్య ప్రజల చేతికి రాకుండా చూసుకుంది. 1907 ప్రాంతంలో .450 బోరు వేట రైఫిళ్లను భారతదేశంలోకి రానివ్వలేదు. .303 కూడా నిషిద్ధ బోరే. అందుకని కంపెనీలు పక్కదారులు వెతికాయి. బ్రిటనులోని బిఎస్ఏ కంపెనీ పాత ఆస్ట్రియా సైనిక తూటాను తీసుకుని .315 రైఫిలు చేసి మన దేశంలో అమ్మింది. ఆస్ట్రియా తూటా కాబట్టి మన ఆయుధాగారాల నుంచి దొంగిలించినా పనికిరాదు. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ .315నే తయారుచేసింది. దేశంలో లైసెన్సున్న పౌరులకు అందుబాటులో ఉన్న రైఫిలు అంటే ముఖ్యంగా అదే. దాని గుండు 244 గ్రెయిన్లు, దాదాపు 16 గ్రాములు. హార్నెట్ గుండు పావలా అయితే ఇది రూపాయిన్నరకు కొంచెం తక్కువ.

అందుకే .22కు, .315కు నడుమ ఉన్న హార్నెట్ వంటి తూటాలు మన పొలాల్లో వేళ్లూనలేదు. వాటిని అడ్డుకున్నది భౌతికశాస్త్రం కాదు, చట్టం, దిగుమతి. కాని ఆ వంశపు సైనిక శాఖ మాత్రం వచ్చింది. పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ రూపొందించిన ఇన్సాస్ రైఫిలు తూటా 5.56×45. 1999 కార్గిల్ యుద్ధంలో మన జవాన్లు దాన్ని వాడారు. తర్వాత సైన్యం చిన్న బోరు శక్తి చాలదని భావించి 2019లో 7.62×51 తూటా పేల్చే రైఫిళ్లు 72,400 కొనేందుకు ఒప్పందం చేసుకుంది. చిన్నదా పెద్దదా అనే ఫోర్సైత్ నాటి ప్రశ్న సైన్యంలోనూ తీరలేదు.

పొలం గట్టు మీద తీర్పు

ఇప్పుడు తక్కెడను రాయపూర్ పొలాలకు తీసుకువద్దాం. అక్కడి అసలు సమస్య ఉడతలు కావు, అడవిపంది. ఎదిగిన మగపంది బరువు నూరు కిలోలు దాటవచ్చు. భుజాల మీద దాని చర్మం, కింది కండ డాలులా మందంగా ఉంటాయి. చిన్న జంతువు మీద విచ్చుకోవడానికి చేసిన పావలా గుండు ఆ పైపొరల్లోనే పగిలిపోవచ్చు. పంది చావదు. గాయపడిన పంది మనిషి మీద పడుతుంది. అంటే హార్నెట్టే కాదు, సెకనుకు 1288 మీటర్ల రూగర్ కూడా ఇక్కడ తప్పు పనిముట్టే. వేగం అన్నిటికీ మందు కాదు. చట్టం చెప్పిన నాటు తుపాకీ సంగతేమిటి? దానికి గాడులు లేవు, గురి నమ్మకం లేదు, వానలో మందు తడుస్తుంది, ఒక దెబ్బకు మరో దెబ్బకు నడుమ నిమిషం పడుతుంది. అది పందిని చంపడం కంటే బెదరగొట్టడానికే ఎక్కువ పనికొస్తుంది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షను ప్రకారం, నిలిచిన పంటకు ముప్పుగా మారిన జంతువును చంపాలంటే ముఖ్య వన్యప్రాణి వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. 2015 డిసెంబరులో బీహారులోను, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోను కొన్ని జిల్లాల్లో అడవిపందిని కొంతకాలం చేటుజంతువుగా కేంద్రం ప్రకటించింది. 2021లో తెలంగాణ, 2022లో కేరళ స్థానిక ప్రజాప్రతినిధుల చేతికి అనుమతి అధికారాన్ని దగ్గర చేశాయి. అనుమతి వచ్చినా కాల్చేవాడు నేర్పరి, లైసెన్సుదారు అయి ఉండాలి.

అనుమతి కోసం తిరగలేని రైతు ఏం చేస్తున్నాడు? పొలం చుట్టూ తీగ కట్టి కరెంటు పెడుతున్నాడు. అది నేరం. పంది కోసం కట్టిన ఆ తీగలకు ఛత్తీస్‌గఢ్‌లో ఏనుగులు చనిపోయాయి, దేశంలో ఎన్నోచోట్ల మనుషులూ చనిపోయారు. గుండు ఒక వైపుకే పోతుంది, పేల్చేవాడి కన్ను దాని వెనుక ఉంటుంది. తీగకు కన్ను లేదు. తూటాల తులనలో అందరూ మరచిపోయే సంగతి ఇది. మంచి పనిముట్టు దొరకని చోట జనం పనిముట్టు లేకుండా ఉండిపోరు, దానికంటే చెడ్డదాన్ని వెతుక్కుంటారు.

అలాగని మంచి రైఫిళ్లు పంచితే సరిపోతుందా? దానికి జవాబు ఛత్తీస్‌గఢ్ చరిత్రలోనే ఉంది. చేటుజంతువు అనే మాటను ఒకప్పుడు పులికీ, తోడేలుకీ, రేచుకుక్కకూ అంటగట్టి, తల తెచ్చినవారికి బ్రిటిషు ప్రభుత్వం బహుమతులిచ్చింది. నేటి ఛత్తీస్‌గఢ్ ఉత్తరభాగంలోని కొరియా సంస్థానంలో 1947లో మహారాజా రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చాడు. మన దేశపు చిట్టచివరి చీతాలు అవేనని భావిస్తారు. 1952లో చీతా అంతరించినట్లు ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదలవలసి వచ్చింది. నిమిషంలో పేలిన గుండ్ల నష్టాన్ని పూడ్చుకునే ప్రయత్నం మొదలుకావడానికే డెబ్భై అయిదేళ్లు పట్టింది.

కాబట్టి తీర్పు ఇలా చెప్పుకోవచ్చు. 150 మీటర్ల లోపు, చిన్న జంతువు, చుట్టూ ఊళ్లు అయితే పాత కందిరీగ నేటికీ తెలివైన తూటా. విశాలమైన బీడు, దూరపు గురి అయితే కొత్తవే మేలు. రాయపూర్ వడ్లగిన్నెలో పంది అయితే రెండూ కావు. అక్కడ సోలారు కంచె, మంచె కాపలా, సకాలంలో నష్టపరిహారం ముందు వరుసలో ఉండాలి. తప్పనిసరైనప్పుడు అనుమతి పొందిన నేర్పరి చేతిలో బరువైన గుండు ఆఖరి వరుసలో ఉండాలి.

ఎంత వేగం అనే ప్రశ్నకు భౌతికశాస్త్రం జవాబు చెబుతుంది. ఎప్పుడు, దేని మీద, గుండు ఆగేది ఎక్కడ అనే ప్రశ్నలకు జవాబు మనం చెప్పుకోవాలి. పావలా బరువున్న గుండు నూరేళ్లుగా మనకు నేర్పుతున్న పాఠం అదే.